సిద్దమ్మ దూలం మీది తీగ

మొదట ఆ చప్పుడు వినిపిస్తుంది. దుగ్... దుగ్... దుగ్. ఆగి, దగ్గి, మళ్లీ అందుకుంటుంది. నారాయణఖేడ్ బజారులో కరెంటు పోయి, పొద్దు గుంకి, మనుషుల ముఖాలు మసకలో కరిగిపోయి మాటలు మాత్రం మిగిలిన వేళ, మసీదు వెనక గల్లీలో ఆ చప్పుడు లేస్తుంది. ముసలి ఎద్దు మోట లాగుతున్నట్టు నిదానంగా మొదలై, గోడల్ని తడుముకుంటూ వచ్చి, మూలమీది గాజుల దుకాణం దగ్గర ఆగుతుంది. అక్కడ దూలానికి వేలాడే బుగ్గ, గుండ్రటి బల్బు, ముందు ఎర్రగా, నిద్రలేచిన కన్నులా తెరుచుకుంటుంది. తర్వాత పసుపు పచ్చబడుతుంది. ఆ వెలుగులో ముందు కనబడేవి గాజులు. వాటి వెనక, నుదుట విభూతితో, మోకాలి మీద ఎవరిదో చెయ్యి పెట్టుకుని గాజులు ఎక్కిస్తున్న సిద్దమ్మ.

చాలా ఏళ్లు ఆ బజారుకు సాయంత్రం అట్లాగే వచ్చింది.

సిద్దమ్మ పెనిమిటి మాణిక్యప్ప గాజుల మలారం భుజాన వేసుకుని నాగల్‌గిద్ద, కంగ్టి వైపు ఊళ్లు తిరిగేవాడు. దుకాణం ఆమెది. వేళ్ల కణుపులు నొక్కి, అరచేతిని దోసిట్లోకి ముడిచి, ఎంత బిగువు గాజునైనా నొప్పి తెలియకుండా ఎక్కించే చేతులు ఆమెవి. బోరంచ నల్లపోచమ్మకు మొక్కు తీర్చబోయేవాళ్లు కూడా ముందు ఆమె దగ్గర ఆగి అమ్మవారికి గాజులు తీసుకునేవారు. గాజుల బేరంలో సగం సరుకు వెలుతురే. చీకట్లో గాజుకు చప్పుడుంటుంది గానీ రంగుండదు.

ఆ వెలుతురు కుతుబుద్దీన్ ఇచ్చేవాడు.

బోర్లు వచ్చాక ఊళ్లలో బావులు ఎండి, బావి గట్ల మీది ఆయిలింజన్లు పని లేకుండా మిగిలిపోయాయి. మోటార్లు బాగుచేసే కుతుబుద్దీన్ కంగ్టి రైతు దగ్గర అటువంటిది ఒకటి కొన్నాడు. దానికి డైనమో బిగించి, వెదురు బొంగులు పాతి, బజారుకు తీగ లాగాడు. గల్లీ మలుపు తిరిగే చోట తీగకు గట్టి ఆసరా కావలసి వచ్చింది. సిద్దమ్మ దుకాణం కప్పు కింద నుంచి టేకు దూలం ఒకటి వీధిలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది.

"అక్కా, నీ దూలానికి ఒక మొల కొట్టుకుంట. మొదటి బుగ్గ నీదే," అన్నాడతను.

"మొల కొట్టుకో. ఇల్లు కూలగొట్టకు," అంది సిద్దమ్మ.

ఆ మొల మీదుగానే తీగ పక్కనున్న జగన్నాథ్ స్టీలు సామాన్ల దుకాణానికి, అక్కడి నుంచి వరసంతటికీ, చివరికి గల్లీ కొసన కుట్టుమిషను పెట్టుకున్న లిదియా దాకా పోయేది.

ఆ లైనుకు కాగితం లేదు. దసరా నాడు జమ్మి చెట్టుకు మొక్కి జనం తిరిగి వచ్చే వేళకు కుతుబుద్దీన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వరసగా దుకాణాల ముందు నిలబడేవాడు. బుగ్గకు నెలకు ఇంత అని రేటు చెప్పేవాడు. సరేననుకున్నవాళ్లు అతని చేతిలో జమ్మి ఆకు పెట్టి, కావలించుకునేవారు. ఆకు చేతిలో పడ్డాక మళ్లీ జమ్మి దాకా రేటు మారదు, లైను మారదు. ఆ ఆకుల్ని అతను ఇంజన్ పక్క గూట్లో దాచుకునేవాడు. కొత్త ఆకులు వచ్చే నాటికి పాతవి మసి పట్టి నల్లగా చిట్లిపోయి ఉండేవి.

రెండువేల పన్నెండులో కరెంటు రావడమే ఒక వార్త. పొద్దంతా కోత, పొద్దుగూకితే కోత. ఇంజన్ ఆపకుండా నడిచి నడిచి నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. అది చాలనట్టు వినాయక చవితి ముందర డీజిల్ ధర ఒక్కసారిగా ఎగిరింది.

"కుతుబ్ భాయ్, నీ ఇంజన్ బీడీలు ఎక్కువ తాగుతుంది. డాక్టరుకు చూపెట్టు," అని జగన్నాథ్ నవ్వేవాడు.

"ముసలిదైంది సేటూ, నీ లెక్కనే. జర దగ్గుతది," అనేవాడు కుతుబుద్దీన్.

"గది సరే, రేటు పెంచవా మరి?"

"మాట జమ్మి మీదైంది. జమ్మి దాక గదే. నడుమ మారిస్తె అది జబాన్ ఎట్లయితది?"

చేతి నుంచి పెట్టుకుని అతను వాళ్ల బుగ్గలు వెలిగిస్తున్నాడని బజారుకంతటికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఏమీ అనలేదు. సిద్దమ్మ కూడా అనలేదు. చవకగా వచ్చే వెలుతురు కింద కూర్చున్నవాళ్లకు నోరు అంత త్వరగా పెగలదు.

కానీ ఆ వెలుతురు పలచబడింది. పాలలో నీళ్లు కలిపినట్టు పసుపులో మసక కలిసింది. మెరూనుకూ ఎరుపుకూ తేడా పోయింది. ఆ మసకలోనే నాగల్‌గిద్ద నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లిపిల్లకు చేతుల నిండా పచ్చ గాజులు ఎక్కించి పంపింది సిద్దమ్మ. మర్నాడు పొద్దున పిల్ల మేనత్త ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కుని వచ్చింది.

"ఏమ్మా, హసిరు బళె, పచ్చ గాజులు తొడగమంటె గివేంది? ఎండల చూడు. అన్నీ నీలివి. పెండ్లి పిల్లకు నీలి గాజులు తొడిగే రివాజ్ మీ ఖేడ్ల ఉన్నదా?"

సిద్దమ్మ ఎండలోకి వచ్చి చూసింది. నెమలి మెడ రంగు. నిజమే, పచ్చ కాదు. సబ్బు నురగ పూసి ఒక్కొక్కటే వెనక్కి లాగుతుంటే పిల్ల కణుపులు కమిలిపోయాయి. పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని సిద్దమ్మకు అనిపించింది. గాజు ఎక్కించడంలో ఆమె చెయ్యి ఎన్నడూ తప్పు చేయలేదు. ఈసారి తప్పింది కన్ను.

ఆ వారంలోనే బసవరాజ్ వచ్చాడు. బీదర్ వైపువాడు, ఆమెకు మేనల్లుడి వరస. బస్టాండు దగ్గర కొత్త జనరేటర్ దింపాడు. ఆకుపచ్చ డబ్బా, తేనెటీగల పెట్టెలా సన్నగా గుయ్‌మంటుంది, అంతే.

"ఏనత్తా, ఇంక గీ చిమ్నీ దీపం కిందనే కూసుంటవా? ట్యూబులైటు ఇస్త, ఫ్యాను ఇస్త. ఏడాది దాక ఒకటే రేటు. కుతుబుద్దీన్ జమ్మికి చెప్పే రేటు కన్న తక్కువనే ఉంటది, చూడు."

"ఒక్క బుగ్గ చాలనేటోళ్లకో?"

"అట్ల చిల్లర లైను నేనియ్య. తీసుకుంటె మొత్తం తీసుకోవాలె. వరస మొత్తం వస్తెనే నాకు గిట్టుబాటైతది. మొదటి దుకాణం నీది. నువ్వు ఊ అంటె అందరూ ఊ అంటరు."

సిద్దమ్మ వెంటనే ఊ అనలేదు. చెంగులో గుప్పెడు గాజులు ముడుచుకుని బస్టాండుకు నడిచింది. అక్కడ బసవరాజ్ వెలిగించి ఉంచిన ట్యూబులైటు కింద చెంగు విప్పింది. రంగులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, తప్పిపోయిన పిల్లలు ఎవరి తల్లిని వాళ్లు గుర్తుపట్టినట్టు నిలబడ్డాయి. పచ్చ పచ్చగా ఉంది. నీలం నీలంగా ఉంది. ఎన్నాళ్ల తర్వాతో తన గాజుల్ని తాను చూసుకుంది సిద్దమ్మ. ఆ వెలుగు ఆమెకు నచ్చింది. తప్పు ఎక్కడ మొదలైందని తర్వాత ఎన్నిసార్లు వెతుక్కున్నా ఆమె ఆ నచ్చడం దగ్గరికే వచ్చి ఆగేది.

"ఊ," అంది.

ఆమె ఊ అన్నదని తెలిసి జగన్నాథ్ కూడా ఊ అన్నాడు, వరసంతా అంది. జమ్మి వెళ్లాక కొత్త లైను అని ఖాయమైంది.

ఇంటికి వచ్చిన మాణిక్యప్ప సంగతి విని, మలారం దింపి, నీళ్లు తాగి అన్నాడు, "నీ దుకాణం, నీ బుగ్గ. నన్నడుగకు. గని కుతుబ్‌కు ముందుగాల నువ్వే చెప్పు. ఇంకొకల నోట వినొద్దు ఆయన."

"చెప్త," అంది సిద్దమ్మ.

చెప్పలేదు. రోజూ పొద్దుగూకే వేళకు కుతుబుద్దీన్ మెడ పైకెత్తి బుగ్గలు చూసుకుంటూ వరస వెంట నడిచేవాడు. ఆమె అప్పుడే తల వంచి ఎవరి చేతినో మరింత గట్టిగా పట్టుకునేది. ఎవరూ లేకపోతే గాజుల కడ్డీలు తుడిచేది. చెప్పినవా, చెప్పినవా అన్నట్టు ఇంజన్ కొట్టుకునేది. బయటి నుంచి వచ్చే చప్పుడుకు తలుపు వేసుకోవచ్చు. ఇది దూలంలో నుంచి వచ్చేది.

దసరా వచ్చింది. ఆ రోజు ముందే దుకాణం మూసి ఇంటికి పోవాలనుకుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. బజారంతా బంగారం బంగారం అంటూ ఆకులు చేతులు మారుతున్నాయి. కొత్త బట్టల వాసన, నలిగిన జమ్మి పచ్చి వాసన. తలెత్తేసరికి కుతుబుద్దీన్ ముందున్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. జేబు అంచున మాత్రం గ్రీసు మరక.

"దసరా ముబారక్ అక్కా. ముందు నీ తానకే వచ్చిన. ఈసారి రేటు జర పెరుగుతది. డీజిల్ సంగతి నీకు ఎర్కనే. ఇంకా ఇంజన్ ఇప్పి రింగులు ఏపిద్దమనుకుంటున్న. గా పెండ్లి పిల్ల గాజుల ముచ్చట విన్న. నా బుగ్గ వల్లనే నీకు మాటొచ్చింది. దినాం యాదికొస్తది నాకు."

అని రెండు చేతులు చాపాడు.

చెప్పవలసిన మాట నాలుక మీద ఉంది. ఎన్నోసార్లు నెమరేసి ఉంచుకున్న మాట. కానీ పండుగ నాడు చాచిన చేతిని ఖాళీగా వెనక్కి పంపడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైగా అతను తన తప్పు కాని తప్పును నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. సిద్దమ్మ చెయ్యి పక్కనున్న జమ్మి ఆకుల తట్టలోకి పోయింది. ఒక ఆకు తీసి అతని దోసిట్లో పెట్టింది. పెట్టిన ఆ క్షణం ఒళ్లంతా తేలికైంది. బసవరాజ్‌కు వద్దని చెప్పేద్దాం, అంతేగా అనుకుంది. నిజంగానే అనుకుంది.

కుతుబుద్దీన్ ఆ ఆకును కళ్లకద్దుకున్నాడు. "ఇగ సాలక్కా. నీ ఆకు పడ్డదంటె నాకు ధైర్నం," అని జగన్నాథ్ దుకాణం వైపు కదిలాడు.

జగన్నాథ్ ఆకు ఇవ్వలేదు. రేపు మాట్లాడుదాం పో భాయ్ అన్నాడు. వరసలో చాలామంది అట్లాగే అన్నారు. పండుగ హడావిడి అనుకున్నాడు కుతుబుద్దీన్. జేబులో సిద్దమ్మ ఆకు ఉంది కదా.

మర్నాడు పొద్దున్నే అతను ఇంజన్ విప్పాడు. తల ఒకచోట, పిస్టన్ ఒకచోట గోనె మీద పరిచి, రింగుల కోసం జహీరాబాద్ బస్సెక్కాడు. మరో రెండు రోజుల్లో బక్రీదు. ఆ రోజు పొద్దుగూకగానే కరెంటు పోయింది. చప్పుడు లేవలేదు. బజారు బావిలా ఉంది.

జగన్నాథ్ టార్చిలైటుతో వచ్చి సిద్దమ్మ ముఖం మీద వేశాడు.

"సిద్దవ్వా, నీ మాటకు రెండు స్విచ్‌లున్నయా? మాతో బసవరాజ్ అన్నవు. గాయనకేమో జమ్మి ఇచ్చినవు. ఇప్పుడు ఇంజన్ ఇప్పి పెట్టిండు. అందరం చీకట్ల కూసొని భజన చేద్దమా?"

అతని వెనకనే బసవరాజ్ ఉన్నాడు. చేతిలో తీగ చుట్ట.

సిద్దమ్మ అప్పుడు వద్దని చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచింది కూడా. దుకాణం ముందు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, బక్రీదుకు గాజులు కొనవచ్చినవాళ్లు. చీకట్లో వాళ్ల బుర్ఖాలు కనబడటం లేదు, అడిగే గొంతులు వినబడుతున్నాయి. ఎర్రవి ఉన్నాయా, లక్క గాజులు ఉన్నాయా అని. మళ్లీ ఎవరి చేతికి ఏ రంగు ఎక్కిస్తుందో. కమిలిన ఆ కణుపులు గుర్తొచ్చాయి.

"రెండ్రోజుల మటుకే అత్తా. పండుగ అయినంక నీకు వద్దంటె నేనే ఇప్పుకపోత," అన్నాడు బసవరాజ్.

"రెండ్రోజుల మటుకే," అంది సిద్దమ్మ. ఆ మాటను తాను నమ్ముతున్నట్టు తనకే వినబడేలా గట్టిగా అంది.

చప్పుడు లేకుండా వెలుగు వచ్చింది. దగ్గు లేదు, ఎర్రగా కన్ను తెరవడం లేదు. కోసినట్టు వచ్చింది. ఆడవాళ్లంతా ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచారు. రోజూ బుగ్గ వెలగగానే దండం పెట్టుకోవడం సిద్దమ్మకు అలవాటు. చేతులు లేచి, సగంలో ఆగిపోయాయి.

ఆ వెలుగులో మొదటి చెయ్యి మసూదాది, కుతుబుద్దీన్ భార్యది. కూతురు యుస్రాకు గాజులు కొనవచ్చింది. ఆమె ట్యూబులైటు వైపు చూసింది. దూలం వైపు చూసింది. తమ తీగ మొల మీద ఊరికే వేలాడుతోంది. గాజుల్ని ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూసి, ఎంచుకుని, చివరికి అంది, "రంగు సాఫ్ కనబడుతుందక్కా."

కొసరుగా ఒక జత చేతిలో పెట్టబోయింది సిద్దమ్మ. మసూదా తీసుకోలేదు.

"కొసరు ఎందుకక్కా. లెక్క ప్రకారమె ఇయ్యి."

బక్రీదు సాయంత్రం గల్లీలోంచి చప్పుడు లేచింది. దుగ్ దుగ్ దుగ్. దగ్గు లేదు, పొగ లేదు. పడుచు గిత్తలా ఉంది. దూలం సన్నగా అదిరింది. కానీ ఆ తీగ మీద అప్పటికి వెలిగింది లిదియా బుగ్గ, మరో రెండు మూడు చిన్న దుకాణాల బుగ్గలు మాత్రమే. వరస మొత్తం తెల్లగా ఉంది.

కుతుబుద్దీన్ వచ్చాడు. చేతిలో గిన్నె, మీద పళ్లెం. సిద్దమ్మ ఇంట్లో నీచు ముట్టరు. అందుకని ప్రతి బక్రీదుకూ వేరే గిన్నెలో సేమియా వండించి తానే తెచ్చి ఇస్తాడు. ఈసారి తేడనుకుంది. తెచ్చాడు.

"ఈద్ ముబారక్ భాయ్," అంది తలెత్తకుండా. "పండుగ మంచిగైందా?"

"అయిందక్కా. ఈసారి పొట్టేలును ఇంజనే తిన్నది," అని నవ్వబోయాడు. నవ్వు పూర్తి కాలేదు. గిన్నె ఆమె ముందు పెట్టి, ట్యూబులైటు కింద అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. గీతల్లో ఇరుక్కున్న గ్రీసు కూడా కనబడుతోంది. "మంచిగనే ఉన్నది వెలుతురు. గాజులకు గిసుంటిదే కావాలె."

"భాయ్, నేను చెప్దమనుకున్న. దసరా కన్న ముందుగాలనె. నా నోరు..."

"చెప్తె ఇంజన్ ఇప్పకపోదును," అన్నాడతను మెల్లగా. కోపం లేదు. కోపం ఉంటే ఆమె పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

సిద్దమ్మ గిన్నె మీది పళ్లెం సరిచేసింది.

"గా జమ్మి ఆకు..." అంది సిద్దమ్మ.

"అది వాపస్ ఇచ్చే రివాజ్ లేదక్కా. నా తాననే ఉంటది." తలెత్తి, దూలం వైపు చూశాడు. "ఒక్కటే అడుగుత. నాకు నీ బుగ్గ వద్దు. తీగ మటుకు పోనియ్యి. మొల తీసేస్తె లిదియమ్మ దాక అందదు. గా ట్యూబులైట్లు, ఫ్యాన్లు ఆమెతోని కాదు."

అదే సమయానికి బసవరాజ్ వచ్చాడు. ఒక దూలం మీద రెండు లైన్లు ఉండకూడదనీ, పాతది తీసేయాలనీ నిన్నటి నుంచి అంటున్నాడు. మళ్లీ అన్నాడు.

"నీ లైను నీ చేతుల ఉన్నది. దూలం నాది," అంది సిద్దమ్మ. "గా తీగను ముట్టినవంటె నీది కూడ పీకేస్త. అల్లునివని సూడ."

అంతకంటే ఎక్కువ ఆమెతో కాలేదు. నీ తెల్ల వెలుగు నాకు వద్దు, తీసుకుపో అనలేకపోయింది. వరస మొత్తం ఆమెను చూసి మాట ఇచ్చింది. గాజులు ఆ వెలుగులో అంత అందంగా ఉన్నాయి. కుతుబుద్దీన్ తన బుగ్గను హోల్డరు లోంచి తిప్పి తీసి, చొక్కా అంచుతో తుడిచి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సేమియా గిన్నె చల్లారింది. మర్నాడు గిన్నె కడిగి పంపేటప్పుడు, ఖాళీ గిన్నె పంపకూడదు కనుక, అడుగున పచ్చ గాజుల జత పెట్టింది. గాజులు తిరిగి రాలేదు. వాటిని యుస్రా చేతికి ఎప్పుడూ చూడనూ లేదు.

ఏడాది తిరిగాక బసవరాజ్ రేటు పెంచాడు. అతను జమ్మి కోసం ఎవరి ముందూ నిలబడలేదు. మనిషితో చెప్పి పంపాడు. జగన్నాథ్ తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు. సిద్దమ్మ తిట్టలేదు. తిట్టే హక్కు కూడా తనకు లేదనుకుంది. దసరాలు వచ్చాయి. కుతుబుద్దీన్ చిన్న దుకాణాల ముందు ఆగి, ఆమె దుకాణం ముందు మాత్రం నవ్వి, నమస్తే అక్కా అని, నడిచి పోయేవాడు. తట్టలో ఆకులు పెట్టుకుని కూర్చునేది ఆమె. అతను చేతులు చాపలేదు.

రెండువేల పద్నాలుగులో, కరెంటు కోతలు ఇంకా ఉండగానే, ఈ నాలుగు ముక్కలు రాసుకునేందుకు నేను ఆమె దుకాణానికి వెళ్లినప్పుడు పొద్దు గుంకుతోంది. కరెంటు పోయింది. ట్యూబులైటు చప్పుడు లేకుండా వెలిగింది. ఆ తర్వాత కాసేపటికి గల్లీలో దుగ్ దుగ్ మొదలై, తీగలోకి ఎక్కి, ఆమె తల మీదుగా లిదియా గది వైపు పోయింది. సిద్దమ్మ ఎక్కిస్తున్న గాజును ఆపి దూలం వైపు చూసింది. చేతులు జోడించింది. తర్వాత మళ్లీ ఆ గాజును అందుకుంది.

నేను లేచి సెలవు తీసుకుంటుంటే, సిద్దమ్మ తల వంచుకునే అంది:

"రాస్తె రాయి బిడ్డా, దాసిపెట్టకు. గని ఒకటి రాయి. గా జమ్మి ఆకు నేను అబద్ధంగ ఇయ్యలే. ఇచ్చినప్పుడు నిజంగనే ఇచ్చిన. అది అబద్ధం ఎనక నుంచి అయింది."